బయోచార్‌తో నీటిలోని మందుల అవశేషాలను తొలగించడం ఎలా?

మందుల అవశేషాలను బయోచార్ (గాలి సోకకుండా కాల్చిన మొక్కల పదార్థపు బొగ్గు) పట్టి ఉంచుతుందని వినగానే పొయ్యిలో మిగిలిన బొగ్గును నూరి నీటిలో కలిపి, ఆనక ఫలితం రాలేదని వాపోయేవారిని చూసి చూసి విసుగెత్తి ఇది రాస్తున్నాను. ఇది ప్రయోగశాల పద్ధతి మాత్రమే. ఈ నీరు తాగడానికి పనికిరాదు.

ఎండిన వేరుశనగ పొట్టును మూసలో కూరి, మూతపెట్టి, గాలి సోకకుండా 600 డిగ్రీల సెల్సియస్ వద్ద 2 గంటలు కాల్చి, పూర్తిగా చల్లారాక నూరి జల్లెడ పట్టాలి. వరి ఊక మాత్రం వద్దు, దానిలో సిలికా బూడిద మరీ ఎక్కువ.

అందరూ తప్పేది కడగడంలోనే. కాల్చిన బొగ్గు రంధ్రాల్లో పొటాషియం, కాల్షియం లవణాల బూడిద దాగి ఉంటుంది. అది కరిగితే నీరు క్షారంగా మారి, బొగ్గు ఉపరితలానికి రుణావేశం వస్తుంది. డైక్లోఫెనాక్ వంటి ఆమ్ల స్వభావపు మందు అప్పటికే రుణావేశంతో ఉంటుంది కాబట్టి రెండూ వికర్షించుకుంటాయి. మామూలు నీటిలో ఏ ఆవేశమూ లేని కార్బమాజెపైన్ అనే మూర్ఛ మందుకు ఈ బెడద దాదాపు ఉండదు. దానితో వచ్చిన ఫలితాన్ని చూపి కడగనక్కర్లేదని వాదించడం పొరపాటు.

స్వేదన జలం పోసి, అరగంట కలిపి, తేరిన నీటిని వంచేయాలి. ఇలా నాలుగైదు సార్లు చేశాక పీహెచ్ 7 చూపగానే ఆగిపోకూడదు, ఎందుకంటే లోపలి బూడిద నెమ్మదిగా ఊరుతుంది. కొత్త నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం మళ్లీ కొలిచినప్పుడూ 7 దగ్గరే ఉంటేనే కడగడం పూర్తయినట్టు. ఆమ్లంతో త్వరగా తేల్చవచ్చంటారు గానీ, ఆ ఆమ్లం పోయేందుకు మళ్లీ అన్ని నీళ్లూ పోయక తప్పదు. తర్వాత 105 డిగ్రీల వద్ద ఆరబెట్టాలి.

మిగిలింది తేలిక. లీటరుకు 10 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ ఉన్న 100 మిల్లీలీటర్ల ద్రావణంలో 0.1 గ్రాము బయోచార్ వేసి, గాజు సీసాలో 24 గంటలు కుదపాలి. నీటిలో మిగిలిన మందు ఎంతో తెలియడానికి, 0.45 మైక్రాన్ల వడపోత తర్వాత 276 నానోమీటర్ల వద్ద కాంతి శోషణను కొలవాలి. మందు లేని సీసా ఒకటి, బొగ్గు లేని సీసా ఒకటి పక్కన తప్పక ఉండాలి; బొగ్గు నుంచి ఊరే కర్బన పదార్థాలు కూడా అదే కాంతిని శోషిస్తాయి, వడపోత పొర కూడా కొంత మందును పట్టుకుంటుంది.

వాడిన బయోచార్‌ను మట్టిలో కలపకండి, పట్టుకున్న మందును అది అక్కడ తిరిగి వదలవచ్చు. మూతగల డబ్బాలో దాచి, రసాయన వ్యర్థాలతోపాటు పంపించాలి.