డిజిటల్ చిత్రకళ – మూడో పాఠం: రంగుల కోసం గీతను సిద్ధం చేసుకోవడం

గత పాఠంలో, వాకిట్లో ముగ్గు వేస్తున్న అమ్మాయి బొమ్మను ముందు లేత నీలి పెన్సిలుతో వేసుకొని, దాని మీద 0.5 మిల్లీమీటర్ల నల్ల పెన్నుతో ఖరారు చేసి, అంగుళానికి 600 చుక్కల చొప్పున రంగుల్లో స్కాను చేసి, పీఎన్‌జీ ఫైలుగా దాచుకున్నాము. ఏ4 కాగితం కాబట్టి ఆ ఫైలు సుమారు 4960 పిక్సెళ్ల వెడల్పు, 7016 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది. ఈ పాఠంలో దాని మీద వెలుగునీడలు వేయము. గీతను కాగితం నుంచి విడదీసి, శుభ్రం చేసి, సందులు మూసి, దాని కింద సాదా రంగులు పరచడం వరకే నేటి పని. ఇది కొంత విసుగు పుట్టించే పనే గాని, పూర్తయిన బొమ్మల్లో కనిపించే లోపాలు, ముఖ్యంగా గీత పక్కన మిగిలిపోయే తెల్లటి అంచు, జాకెట్టులో పోసిన రంగు ఆకాశం దాకా పారడం వంటివి, చాలావరకు ఈ దశలో పడిన తొందర వల్ల వచ్చినవే అయి ఉంటాయి.

పాఠమంతా గింప్ అనే ఉచిత చిత్ర సవరణ ప్రోగ్రాం 2.10లో నడుస్తుంది. 2025లో వచ్చిన 3.0లో కొన్ని వస్తువుల స్థానం మారినా, ఇక్కడ వాడుతున్న పనిముట్లన్నీ ఉన్నాయి. ఫోటోషాప్, క్రిటా వాడేవారికి మెనూల పేర్లు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

గీత అంచున ఉన్న బూడిదరంగు

ముందుగా స్కాను చేసిన బొమ్మను తెరిచి, అమ్మాయి భుజం దగ్గర 800 శాతం పెద్దది చేసి చూడండి. దూరం నుంచి నల్లగా, నున్నగా కనిపించిన గీత మధ్యలో మాత్రమే నల్లగా ఉంటుంది. రెండు పక్కలా ఒకటి రెండు వరుసల పిక్సెళ్లు ముదురు బూడిద నుంచి లేత బూడిదకు దిగుతూ కాగితంలో కలిసిపోతాయి. గీత మన కంటికి మెట్లు మెట్లుగా కాక నున్నగా కనిపించడానికి కారణం ఆ బూడిద పిక్సెళ్లే, రంగు వేసేటప్పుడు ఇబ్బంది పెట్టేవి కూడా అవే. బకెట్ ఫిల్ పనిముట్టు మనం నొక్కిన చోట ఉన్న తెలుపును, దానికి దగ్గరగా ఉన్న ఛాయలను మాత్రమే నింపి, బూడిద దగ్గరికి రాగానే ఆగిపోతుంది. అప్పుడు రంగుకూ నలుపుకూ నడుమ ఒక పాలిపోయిన అంచు మిగులుతుంది. పట్టింపు పరిమితిని, అంటే నొక్కిన చోటికి ఎంత తేడా ఉన్న ఛాయల వరకు నింపాలో చెప్పే అంకెను పెంచితే అంచు తగ్గుతుంది గాని, సన్నని గీతలున్న చోట రంగు అవతలికి దూకుతుంది.

అందుచేత మనం బకెట్‌తో కుస్తీ పట్టకుండా, రంగును గీత దాకా తీసుకువచ్చి ఆపడం అనే ఆలోచననే మానుకుంటాము. గీత తన సొంత లేయరులో (లేయర్లంటే ఒకదానిపై ఒకటి పరిచే పొరలు), వెనుక కాగితమే లేకుండా, బూడిద అంచు పాక్షిక పారదర్శకంగా మారి ఉండాలి. రంగు దాని కింది లేయరులో గీత నడిమి వరకూ చొచ్చుకొని ఉండాలి. ఇకపై చెప్పేదంతా ఈ ఏర్పాటు కోసమే.

నీలి పెన్సిలును, కాగితాన్ని తొలగించడం

కలర్స్ మెనూలో కాంపోనెంట్స్ కింద ఎక్స్‌ట్రాక్ట్ కాంపోనెంట్ ఉంటుంది. తెర మీది ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం (ఆర్‌జీబీ) అనే మూడు చానెళ్ల పాళ్లతో ఏర్పడుతుంది; ఇది వాటిలో ఒక్కదానినే విడిగా తీసి చూపుతుంది. అందులో ఆర్‌జీబీ నీలాన్ని ఎంచుకోండి. నీలి పెన్సిలు గీతలో నీలం పాలు ఎక్కువ కనుక, ఆ చానెల్లో అది దాదాపు కాగితమంత తెల్లగా కనిపించి మాయమవుతుంది. నల్ల పెన్ను మాత్రం ఏ చానెల్లో చూసినా నల్లగానే ఉంటుంది. ఎర్ర చానెల్ ఎంచుకుంటే ఫలితం తలకిందులై, పెన్సిలు గీతలు మరింత ముదురుగా పైకి వస్తాయి. అయితే పాత, పసుపెక్కిన కాగితం మీద నీలి పెన్సిలు లేకుండా వేసిన బొమ్మకు ఎర్ర చానెలే మంచిది, ఎందుకంటే పసుపు నీలి చానెల్లో ముదురుగా పడుతుంది. బొమ్మను గత పాఠంలో రంగుల్లో స్కాను చేయమన్నది ఈ వెసులుబాటు కోసమే. నలుపు తెలుపుల్లో స్కాను చేసినవారు ఇమేజ్ మెనూలోని మోడ్‌లో ఆర్‌జీబీకి మార్చుకొని తరువాతి అడుగు నుంచి అందుకోవచ్చు.

ఇప్పుడు కలర్స్ మెనూలోని లెవెల్స్ తెరిస్తే, కుడివైపు ఒక పెద్ద గుట్ట, ఎడమవైపు ఒక చిన్న గుట్ట ఉన్న పటం కనిపిస్తుంది. పెద్దది కాగితం, చిన్నది సిరా. తెల్ల త్రికోణాన్ని పెద్ద గుట్టకు ఎడమ పాదం దగ్గరికి, నల్ల త్రికోణాన్ని చిన్న గుట్టకు కుడి పాదం దగ్గరికి జరపాలి. మామూలు తెల్ల కాగితానికి తెలుపు 200 పరిసరాల్లో, నలుపు 60 పరిసరాల్లో సరిపోతుంది గాని, ఈ అంకెలను కంఠస్థం చేయడం కన్నా పటం చూసి జరపడమే మేలు. రెండు త్రికోణాల మధ్య ఖాళీ ఉండాలి, గీత అంచున ఉన్న బూడిద బతికేది అక్కడే.

ఆ ఖాళీని పూర్తిగా తీసివేసి, ప్రతి పిక్సెలునూ నలుపో తెలుపో చేసే థ్రెషోల్డ్ అనే పనిముట్టు కూడా ఉంది. అచ్చు కోసం గీతను అంగుళానికి 1200 చుక్కల్లో పంపేవారికి అది చక్కగా పనికివస్తుంది, అంత సాంద్రతలో మెట్లు కంటికి కనబడవు. 600 చుక్కల బొమ్మను తెర మీద చూపించాలనుకునే మనకు మాత్రం దానిని నేను సిఫారసు చేయను. అమ్మాయి ముంగురుల వంటి సన్నని గీతలు దానివల్ల తెగిపోతాయి.

గీతను విడదీయడం

కలర్స్ మెనూలోనే కలర్ టు ఆల్ఫా ఉంది. అందులో తెలుపును ఎంచుకొని ఒప్పుకుంటే, తెలుపంతా పారదర్శకమై గీత మాత్రం మిగులుతుంది. బూడిద పిక్సెలు బూడిదగా ఉండిపోకుండా పారదర్శకమైన నలుపుగా మారడమే ఇందులో మనకు కావలసిన సుగుణం. గీత లేయరును మల్టిప్లై మోడ్‌లో పెడితే కూడా తెలుపు కనబడకుండా పోతుందని కొందరు అక్కడితో సరిపెట్టుకుంటారు. నల్ల గీతతోనే ముగించే బొమ్మకు అది చాలు. గీతకు కూడా రంగు మార్చాలంటే చాలదు. మన బొమ్మలో గీతకు రంగు మార్చక తప్పదు, కారణం కింద చెబుతాను.

ఈ లేయరుకు 'గీత' అని పేరు పెట్టి, దాని కింద కొత్త లేయరు ఒకటి చేర్చి ముదురు పసుపుతో నింపండి. తెల్లటి కాగితం మీద కనిపించని మరకలు, పెన్సిలు ఆనవాళ్లు, స్కానర్ అద్దం మీది దుమ్ము చుక్కలు పసుపు మీద స్పష్టంగా బయటపడతాయి. ఇరేజర్‌తో వాటిని తుడవండి. ముఖం, చేతివేళ్ల దగ్గర తీరికగా, ఆకాశం దగ్గర పెద్ద బ్రష్షుతో చకచకా తుడవవచ్చు. శుభ్రం కాగానే పసుపును తెలుపుగా మార్చండి.

ఇక ముగ్గు సంగతి. కాగితం మీద ముగ్గును కూడా నల్ల పెన్నుతోనే గీశాము, కాని కళ్లాపి చల్లిన వాకిలి మీద అది తెల్లగా ఉండాలి. ఫ్రీ సెలెక్ట్ పనిముట్టుతో ముగ్గు చుట్టూ గీసి, వేళ్లు ముగ్గును తాకే చోట పెద్దది చేసి చూసుకుంటూ, కంట్రోల్ ఎక్స్‌తో కత్తిరించి, ఎడిట్ మెనూలోని పేస్ట్ ఇన్ ప్లేస్‌తో ఉన్నచోటే అతికించి, కొత్త లేయరుగా మార్చండి. ఆ లేయరుకు 'ముగ్గు' అని పేరు పెట్టి, లేయర్ల పట్టికలో ఉన్న ఆల్ఫా (పారదర్శకత) తాళాన్ని బిగించి, తెల్ల రంగుతో నింపండి. తాళం ఉన్నందున రంగు ఖాళీల్లోకి పోకుండా గీతకు మాత్రమే పట్టి, పాక్షిక పారదర్శకమైన అంచులు అలాగే నిలుస్తాయి. చుక్కలు, మెలికలు అన్నీ క్షణంలో తెల్లబడతాయి. కింద వాకిలి రంగు పడేవరకు అవి తెల్ల కాగితంలో కలిసిపోయి కనబడవు కనుక, పోయాయని కంగారు పడవద్దు.

సందులు

రంగులు పరచడానికి ముందు, ప్రతి భాగమూ గీతతో పూర్తిగా మూసుకొని ఉందో లేదో చూడాలి. కంటితో వెతకడం వృథా ప్రయాస. నొక్కిన చోటికి ఆనుకొని ఉన్న అదే రంగు భాగాన్ని ఎంచుకునే ఫజీ సెలెక్ట్ పనిముట్టులో, లేయర్లన్నిటినీ కలిపి చూసే శాంపుల్ మెర్జ్‌డ్ పెట్టి, అంచును మెత్తబరిచే యాంటీ ఏలియాసింగ్ తీసివేసి, ఓణీ లోపల ఒకసారి నొక్కండి. తరువాత షిఫ్ట్ క్యూ నొక్కితే, ఎంపిక కాని భాగమంతా ఎర్రటి పొరతో కప్పబడుతుంది. ఓణీ మాత్రమే తెల్లగా మిగిలితే అది మూసుకొని ఉన్నట్టు. ఓణీతో పాటు జాకెట్టో, వాకిలో కూడా తెల్లగా ఉంటే, వాటి మధ్య ఎక్కడో దారి ఉన్నట్టు. మళ్లీ షిఫ్ట్ క్యూ నొక్కి మామూలు స్థితికి రండి.

సందు రెండు రకాలు. పెన్ను జారడం వల్ల గాని, లెవెల్స్ సర్దినప్పుడు గీత పలచబడడం వల్ల గాని ఏర్పడినది మొదటి రకం; దానిని గీత లేయరులోనే పెయింట్ బ్రష్షుతో, పక్కనున్న గీత మందం చూసుకొని కలిపివేయాలి. రెండోది చిత్రకారుడు కావాలని వదిలినది. ఓణీ కుచ్చిళ్ల గీతలు నడుము దగ్గర మొదలై గాలిలో ఆగిపోతాయి, చెంప గీత గడ్డం దాకా రాకుండానే విరమిస్తుంది. బాపు గీతలను దగ్గరగా చూసినవారికి ఈ వదిలివేయడంలో ఎంత బలం ఉందో తెలుసు. బకెట్ సౌకర్యం కోసం అటువంటి గీతలన్నిటినీ మూసివేస్తే, బొమ్మ పిల్లల రంగుల పుస్తకంలోని పేజీలా తయారవుతుంది.

కాబట్టి రెండో రకం సందుల కోసం గీత పైన మరో లేయరు చేర్చి, 'కంచె' అని పేరు పెట్టి, పెన్సిల్ పనిముట్టుతో, 3 లేదా 4 పిక్సెళ్ల మందంతో, ముదురు ఎరుపులో అడ్డుగీతలు గీయండి. రంగులు పరచడం ముగిశాక ఈ లేయరును దాచివేస్తాము. కంచె మందంగా ఉంటే, దాచినప్పుడు దాని స్థానంలో తెల్లటి పగులు బయటపడుతుంది, అందుకే ఇంత సన్నగా గీయమంటున్నాను.

2019లో వచ్చిన 2.10.10 నుంచి గింప్ బకెట్ ఫిల్‌లో గీతలను గుర్తించి నింపే ఏర్పాటు కూడా ఉంది. ఫ్రాన్స్‌లోని గ్రేక్ పరిశోధనశాల వారి పద్ధతి ఆధారంగా అది సందులను ఊహించి తానే మూసుకుంటుంది. తేలికైన బొమ్మల్లో చాలా సమయం ఆదా అవుతుంది. జడ అల్లిక, ముగ్గు వంటి దట్టమైన చోట్ల మాత్రం దాని ఊహ తరచు తప్పుతుంది కనుక, అక్కడ చేతి కంచెనే నమ్ముకోవడం మంచిది.

సాదా రంగులు పరచడం

గీత కింద, తెల్ల కాగితం పైన, 'సాదా' అనే కొత్త లేయరు చేర్చండి. 'ముగ్గు' లేయరు దీనికి పైనే ఉండాలి. ఫజీ సెలెక్ట్‌తో ఓణీని ఎంచుకొని, సెలెక్ట్ మెనూలోని గ్రో తెరవండి. ఎన్ని పిక్సెళ్లు పెంచాలన్నది గీత మందాన్ని బట్టి ఉంటుంది. 600 చుక్కల సాంద్రతలో ఒక మిల్లీమీటరుకు దాదాపు 24 పిక్సెళ్లు వస్తాయి, 0.5 మిల్లీమీటర్ల గీత సుమారు 12 పిక్సెళ్ల మందం ఉంటుంది. అందులో సగం, అంటే 6 పిక్సెళ్లు పెంచితే రంగు గీత నడిమికి చేరుతుంది. అటు జాకెట్టును కూడా అంతే పెంచితే రెండు రంగులూ గీత కింద కలుసుకుంటాయి. కంచె దగ్గర కూడా రెండూ ఒకదానిపైకి ఒకటి ఎక్కి, పగులు లేకుండా కమ్ముకుంటాయి. కనురెప్పలు, పెదవుల చివర్లు, చేతివేళ్ల వంటి సన్నని చోట్ల మాత్రం 2 పిక్సెళ్లకు మించవద్దు, మించితే రంగు గీతను దాటి బయటికి వస్తుంది. 300 చుక్కల్లో స్కాను చేసినవారు ఈ అంకెలన్నిటినీ సగం చేసుకోవాలి.

పెంచిన ఎంపిక అంచు మెత్తబడకుండా సెలెక్ట్ మెనూలోని షార్పెన్‌ను ఒకసారి వాడి, 'సాదా' లేయరు మీద ఉన్నామని చూసుకొని, కంట్రోల్ కామాతో ముందు రంగును నింపండి. అన్ని భాగాలకూ ఇదే వరుస. ఇక్కడ రంగుల అందం గురించి ఆలోచించనక్కరలేదు. పక్కపక్క భాగాలు వేరువేరుగా తెలిస్తే చాలు, ఓణీ నీలంగా ఉన్నా, ముఖం ఆకుపచ్చగా ఉన్నా నష్టం లేదు. వచ్చే పాఠంలో షిఫ్ట్ ఓతో వచ్చే రంగు ఎంపిక పనిముట్టు వాడి ఓణీనంతటినీ ఒక్క నొక్కులో పట్టుకోవాలి, అందుకు ప్రతి భాగమూ ఒకే ఒక్క రంగుతో, గట్టి అంచుతో ఉండడం అవసరం. ఒకే రంగును రెండు వస్తువులకు వాడవద్దని చెప్పడం కూడా అందుకే.

పని అయ్యాక 'గీత', 'కంచె' లేయర్లను కన్ను గుర్తు నొక్కి దాచి చూడండి. రంగుల ముక్కలు ఒకదానినొకటి ఆనుకొని ఉండాలి. మధ్యలో తెల్ల చారలు కనిపిస్తే, ఆ చోట చిన్న పెన్సిల్ పనిముట్టుతో పక్క రంగు తీసుకొని పూడ్చండి, బ్రష్షుతో పూడిస్తే మళ్లీ మెత్తని అంచు చేరుతుంది.

ఫైలును గింప్ సొంత పద్ధతి అయిన ఎక్స్‌సీఎఫ్‌గా, లేయర్లన్నీ విడివిడిగా ఉంచి దాచండి. జేపెగ్‌గా దాచితే లేయర్లు కలిసిపోవడమే గాక, ఆ పద్ధతి బొమ్మను 8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి కుదిస్తుంది కనుక గీతల చుట్టూ మసక మచ్చలు పుడతాయి. ఇంతసేపు శుభ్రం చేసినదంతా తిరిగి వస్తుంది. బొమ్మను అచ్చుకు ఇవ్వదలచినవారికి విడి గీత లేయరుతో మరో లాభం ఉంది. గీతను నాలుగు సిరాలతో కాక నల్ల సిరా ఒక్కదానితోనే వేయించుకోవచ్చు, అప్పుడు ఒక్కో సిరాకు ఒకటిగా ఉండే అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా గీత చుట్టూ రంగు నీడలు పడవు.

వచ్చే పాఠానికి ముందు అభ్యాసంగా, ఇదే బొమ్మలో జడను ఒక ముక్కగా కాక, అల్లికలోని ప్రతి పాయనూ రెండు వేరు రంగులు మార్చి మార్చి పరచండి. పాయల మధ్య గీతలు సన్నగా, చాలాచోట్ల తెగి ఉంటాయి కనుక కంచె ఎక్కడ వేయాలో, ఎక్కడ 2 పిక్సెళ్లతో ఆగాలో అక్కడే బాగా తెలుస్తుంది. నాలుగో పాఠం ఆ ఫైలుతోనే మొదలవుతుంది; ఉదయపు ఎండ ఎడమవైపు నుంచి పడుతున్నదనుకొని, ముందుగా జడకు, తరువాత ఓణీకి నీడలు వేస్తాము.