రాళ్ల వాన రాకముందే మిద్దె తోటకు నెట్ కట్టుకోండి

మోదుగులు ఎర్రగా పూసినయంటే మా హనుమకొండ దిక్కు ఎండ ముదురుతున్నట్టే. కానీ రాళ్ల వాన పడేది కూడా ఈ రోజుల్లనే. 2023 మార్చిలో వరంగల్ జిల్లాల మక్క, మిర్చి చేన్లు ఎట్ల నేలకొరిగినయో చూసినం కదా. మిద్దె మీద టమాట, వంగ కుండీల పైన 50 శాతం షేడ్‌నెట్ (సగం ఎండను ఆపే నీడ వల) ఇప్పుడే కట్టండి. ఒక పక్కకు ఏటవాలుగా, బాగా బిగించి కట్టాలె. వదులుగా ఉంటే రాళ్లన్నీ నడుమ చేరి, ఆ బరువుకు నెట్ చిరిగి మొక్కల మీదనే పడతది. నాకు అట్లనే ఏడు టమాట మొక్కలు పోయినయి, ఇప్పటికీ బాధే. ఎండకూ ఆ నెట్టే నీడ. వాన వెలిసినంక విరిగిన కొమ్మలు కత్తిరించండి, కొత్త చిగురు కనపడేదాకా ఎరువు వేయొద్దు. నీళ్లు నిలవకుండా కుండీల అడుగు రంధ్రాలు ఒకసారి పుల్లతో పొడిచి చూడండి.