ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఫైల్ మధ్యలో ఆగిపోతోందా? ముందు ఎన్ని శాతం దగ్గర ఆగిందో చూడండి

మొన్న మా పెద్దమ్మ వాళ్ల అమ్మాయి పెళ్లి అయింది, పెళ్లికూతుర్ని చేసిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా మొత్తం నా ఫోన్లోనే తీశాను, లెక్కేస్తే 38 జీబీ తేలింది. అందులో తలంబ్రాల వీడియో ఒక్కటే 6.2 జీబీ. సరే వైఫై మీద ల్యాప్‌టాప్‌కి పంపేద్దాం అని పెడితే 41 శాతం దగ్గర ఆగి కూర్చుంది. క్యాన్సిల్ కొట్టి మళ్లీ పెట్టా, ఈసారి 17 దగ్గరే ఆగింది. మా అన్నయ్యేమో "కేబుల్ పెట్టరా బాబూ" అని ఒకటే గోల, ఇంట్లో ఉన్న కేబుల్ ఏమో ఛార్జింగ్‌కి తప్ప పనికిరాదు, లోపల డేటా వైర్లే లేని రకం.

ఇలాంటప్పుడు అందరం చేసే పని ఒకటే, ఉన్న యాప్ తీసేసి ఇంకో యాప్ ఎక్కించడం, అదీ ఆగితే మూడోది. నేనూ అదే చేశా, ఓ గంట పోయింది. చాలాసార్లు తప్పు యాప్‌ది కాదండీ. ఎక్కడ ఆగింది, మళ్లీ పెడితే అక్కడే ఆగిందా వేరే చోట ఆగిందా, ఈ రెండూ చూస్తే సగం సంగతి తెలిసిపోద్ది. ప్రతిసారీ అదే శాతం దగ్గర ఆగితే ఫైల్‌లోనో అది సేవ్ అయ్యే డిస్క్‌లోనో ఏదో ఉంది. ఒకసారి 41, ఒకసారి 17 ఇలా ఆగుతుంటే సిగ్నల్, బ్యాటరీ, ఫోన్ నిద్రపోవడం, వీటిలో ఒకటి. అసలు 0 దాటకపోతే ల్యాప్‌టాప్‌లో ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటిని ఆపే కాపలా) గానీ రూటర్ గానీ అడ్డం పడుతున్నట్టు.

ఇంకే సెట్టింగూ ముట్టుకోకముందు ఒక చిన్న టెస్ట్ చెయ్యండి. ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌ని దానికి కనెక్ట్ చేసి అదే ఫైల్ మళ్లీ పంపండి. ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్యనే నడిచే పని కాబట్టి నెట్ బ్యాలెన్స్ ఏమీ ఖర్చవదు, కానీ మొబైల్ డేటా మాత్రం ఆపేసి చెయ్యండి, లేదంటే ల్యాప్‌టాప్ ఫ్రీగా నెట్ దొరికింది కదా అని విండోస్ అప్‌డేట్ మొదలెట్టి మీ రోజు డేటా మొత్తం మింగేస్తుంది. హాట్‌స్పాట్ మీద గడగడా వెళ్లిపోయిందంటే తప్పు ఇంట్లో రూటర్‌ది. ఇక్కడా ఆగిందంటే ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో వెతకాలి. తొందరలో ఉన్నవాళ్లు రోజూ హాట్‌స్పాట్ మీదే పంపుకున్నా నష్టమేం లేదు, నేను ఊరెళ్తే అదే చేస్తా.

పక్క డివైజ్ అసలు కనిపించకపోతే

ఆండ్రాయిడ్‌లో ఫైళ్లు పంపే క్విక్ షేర్ లాంటివి పక్క డివైజ్‌ని వెతకడానికి బ్లూటూత్ వాడతాయి, దొరికాక ఫైల్‌ని వైఫై మీదకి మారుస్తాయి. కాబట్టి రెండు వైపులా బ్లూటూత్, వైఫై రెండూ ఆన్‌లో ఉండాలి. క్విక్ షేర్‌కి గూగుల్ పెట్టిన పాత పేరు నియర్‌బై షేర్, 2024 జనవరిలో శామ్‌సంగ్ వాళ్ల క్విక్ షేర్‌తో కలిపేశారు, కాబట్టి ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో ఎక్కించిన పాతది ఉంటే అప్‌డేట్ చేసుకోండి. లోకల్‌సెండ్ అనే ఇంకో యాప్ అయితే బ్లూటూత్ జోలికే పోదు, రెండూ ఒకే వైఫైలో ఉంటే చాలు, ఫోన్ ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా, కంప్యూటర్‌లో విండోస్ అయినా లైనక్స్ అయినా నడుస్తుంది, యాడ్స్ లేవు, డబ్బులు లేవు. నేను ఇదే వాడతా. షేర్‌ఇట్, జెండర్ 2020 జూన్‌లోనే మన దేశంలో బ్యాన్ అయ్యాయి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో ఏపీకే ఫైళ్లు తెచ్చి వేసుకునేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు.

ఒకే వైఫై అంటే పేరు ఒకటైతే సరిపోదు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. హాస్టల్, ఆఫీస్, లాడ్జి వైఫైలలో ఒక డివైజ్ ఇంకో డివైజ్‌ని చూడకుండా అడ్డుగోడ పెడతారు, ఏపీ (యాక్సెస్ పాయింట్) ఐసొలేషన్ అంటారు దాన్ని. నేను అమీర్‌పేట హాస్టల్లో ఉన్నప్పుడు పక్క మంచం మీదున్న రూమ్మేట్‌కి ఒక పీడీఎఫ్ పంపలేక చివరికి మెయిల్ చేసేవాణ్ణి. ఇంట్లో రూటర్‌కి గెస్ట్ నెట్‌వర్క్ పెట్టుకుని ఫోన్ దానికి తగిలించినా ఇదే కథ. అలాంటి చోట్ల హాట్‌స్పాట్ పెట్టుకోవడమే సులువైన దారి.

రెండు రూటర్ల ఇళ్ల సంగతి ఇంకా తమాషా. నెట్ వాళ్లిచ్చిన డబ్బా కింద హాల్లో ఉంటుంది, పైన గదికి సిగ్నల్ రావట్లేదని మనం ఇంకోటి కొని దానికి తగిలిస్తాం. అప్పుడు కింద ఫోన్‌కి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబర్) 192.168.1.23 అని, పైన ల్యాప్‌టాప్‌కి 192.168.0.105 అని వస్తుంది. చుక్కల మధ్య మూడో సంఖ్య వేరుగా ఉంది చూశారా, అంటే ఇల్లు ఒకటే గానీ రెండూ వేరే వీధుల్లో ఉన్నట్టు. పైది కిందదాన్ని పిలవగలదు, కిందది పైదాన్ని పిలవలేదు, అందుకే ఐపీ అడ్రస్ కొట్టి పంపితే ఒక వైపు నుంచి వెళ్తుంది, రెండో వైపు నుంచి వెళ్లదు, మనమేమో దెయ్యం పట్టిందేమో అనుకుంటాం. ఫోన్లో వైఫై పేరు మీద నొక్కితే ఐపీ కనిపిస్తుంది, ల్యాప్‌టాప్‌లో వైఫై ప్రాపర్టీస్‌లో ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. పై రూటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే అది పెట్టేస్తే రెండూ ఒకే వీధిలోకి వచ్చేస్తాయి.

0 దగ్గరే ఆగిపోతే

ముందు ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద యాక్సెప్ట్ అని అడుగుతోందేమో చూడండి. నవ్వకండి, ఆ చిన్న బాక్స్ బ్రౌజర్ వెనకాల దాక్కుని ఉంటే పది నిమిషాలు ఫోన్‌ని తిట్టుకున్న రోజులున్నాయి నాకు.

తర్వాత విండోస్ ఫైర్‌వాల్. కొత్త యాప్ మొదటిసారి తెరిచినప్పుడు నెట్‌వర్క్‌కి అనుమతి ఇవ్వాలా అని ఒక విండో వస్తుంది, మనం చదవకుండా క్యాన్సిల్ కొట్టేస్తాం, విండోస్ దాన్ని వద్దన్నట్టు రాసుకుంటుంది, ఇక మళ్లీ అడగదు. స్టార్ట్‌లో ఫైర్‌వాల్ అని వెతికి, అలౌ యాన్ యాప్ అనే చోటికి వెళ్లి మీ యాప్ ఎదురుగా ప్రైవేట్ దగ్గర టిక్ పెట్టండి. అలాగే ఇంటి వైఫై విండోస్‌లో పబ్లిక్ అని ఉందేమో చూసి ప్రైవేట్‌కి మార్చండి, ఇంటిది మాత్రమే, బస్టాండ్‌లో వైఫైకి ఈ పని చెయ్యకండి. ఫైర్‌వాల్‌లో విడిగా పోర్ట్ (యాప్‌కి డేటా వచ్చే దారి నంబర్) తెరవాల్సి వస్తే లోకల్‌సెండ్‌ది 53317, టీసీపీ యూడీపీ అనే రెండు రకాలూ, కేడీఈ కనెక్ట్ అనే ఇంకో యాప్ అయితే 1714 నుంచి 1764 దాకా. కొందరు మొత్తం ఫైర్‌వాల్‌నే ఆపేయమని చెప్తారు, టెస్ట్ కోసం రెండు నిమిషాలంటే సరే, ఆపి మర్చిపోతే మాత్రం తలుపు తీసి పడుకున్నట్టే. ఇంకోటి, ఫోన్లో గానీ ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో గానీ వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఆపండి, ఆఫీస్ వాళ్లు ఆపనివ్వకపోతే ఆ ల్యాప్‌టాప్ మీద ఆశ వదులుకోండి.

మధ్యలో, ప్రతిసారీ వేరే చోట ఆగితే

నాది ఇదే. మొదటి దొంగ ఫోనే. స్క్రీన్ ఆరిపోయాక యాప్‌లని పడుకోబెట్టి బ్యాటరీ మిగుల్చుకోవడం ఆండ్రాయిడ్ 6 నుంచీ ఉంది, షావోమీ, రియల్‌మీ, వివో లాంటి ఫోన్లలో ఇంకాస్త గట్టిగా పడుకోబెడతారు. నా ఫోన్‌లో ఆ రోజు ఛార్జింగ్ 18 శాతమే ఉంది, బ్యాటరీ సేవర్ దానంతటదే ఆన్ అయి ఉంది, స్క్రీన్ ఆరిన కాసేపటికి పంపడం ఆగిపోతోంది. ఛార్జర్ పెట్టి, సేవర్ తీసేసి, యాప్ ఇన్ఫోలో బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ అని పెట్టి, స్క్రీన్ టైమౌట్ 10 నిమిషాలకి మార్చి, మధ్యమధ్యలో ఓసారి తడుతూ కూర్చున్నా. ల్యాప్‌టాప్‌కీ ఛార్జర్ పెట్టండి, అదీ స్లీప్‌లోకి పోద్ది. ఐఫోన్‌లో అయితే యాప్ తెరిచి స్క్రీన్ వెలిగే ఉంచాలి, పైగా ప్రైవసీ సెట్టింగ్స్‌లో లోకల్ నెట్‌వర్క్ అనే పర్మిషన్ ఇవ్వకపోతే అసలు పక్క డివైజ్‌నే చూడదు.

రెండోది సిగ్నల్. మీ నెట్ ప్లాన్ 30 ఎంబీపీఎస్ అయినా 300 అయినా దీనికి సంబంధం లేదు, ఫైల్ బయటికి పోవట్లేదు కదా. కానీ ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ వైఫై మీదే ఉంటే ఫైల్ ఫోన్ నుంచి రూటర్‌కి ఒకసారి, రూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఇంకోసారి అదే గాలిలో ప్రయాణం చెయ్యాలి, స్పీడ్ అక్కడే సగానికి పడిపోద్ది. ల్యాప్‌టాప్‌ని లాన్ వైరుతో రూటర్‌కి కలిపితే ఒక ప్రయాణం తప్పుతుంది. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద సెకనుకి 5 ఎంబీ వస్తే నా తలంబ్రాల వీడియోకి 20 నిమిషాల పైనే పడుతుంది, రూటర్ ఉన్న గదిలోనే కూర్చుని 5 గిగాహెర్ట్జ్ మీద 25 ఎంబీ లాగితే నాలుగు నిమిషాల పని. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ రెండూ 2.4 దగ్గరే ఉంటాయి, అవీ అడ్డం పడతాయి.

కొన్నిసార్లు ఆగలేదు, పాకుతోంది అంతే. క్విక్ షేర్ వైఫై మీదకి మారలేకపోతే బ్లూటూత్ మీదే ఈడుస్తుంది, అది సెకనుకి పావు ఎంబీ, అంటే 6 జీబీకి ఆరున్నర గంటల పైన. ఇలా పాకుతుంటే క్యాన్సిల్ చేసి రెండు వైపులా వైఫై ఓసారి ఆపి ఆన్ చేసి మళ్లీ పెట్టండి, వెయిట్ చేస్తూ కూర్చోవద్దు. ఇంకో చిలిపి సెట్టింగ్ ఉంది, వైఫైలో నెట్ లేకపోతే ఫోన్ దానంతటదే మొబైల్ డేటాకి దూకేస్తుంది. ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్‌కి ఫోన్ తగిలించినప్పుడు ఇది బాగా ఏడిపిస్తుంది, మొబైల్ డేటా ఆపేస్తే గొడవ తీరిపోద్ది.

ప్రతిసారీ అదే చోట ఆగితే

ఫోన్ సంగతి తేలాక వీడియో వెళ్లింది కదా, బాబాయ్ తన 32 జీబీ పెన్‌డ్రైవ్ ఇచ్చి "అందులో వేసివ్వరా" అన్నాడు. తెలివిగా యాప్‌లో సేవ్ అయ్యే ఫోల్డర్‌నే పెన్‌డ్రైవ్‌కి మార్చి మళ్లీ పంపా. 65 శాతం దగ్గర ఆగింది. మళ్లీ పెట్టా, మళ్లీ 65. అప్పుడు లైట్ వెలిగింది, 6.2 లో 65 శాతం అంటే 4 జీబీ. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది, అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. చిన్న పెన్‌డ్రైవ్‌లు, 32 జీబీ దాకా మెమరీ కార్డులు మామూలుగా ఇదే ఫార్మాట్‌లో వస్తాయి. ఆ 4 జీబీ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేస్తే సరి, లోపలున్నవి ముందు ఇంకెక్కడైనా దాచుకుని.

ఫొటోలు వందల్లో పంపేటప్పుడు ఒకే ఫొటో దగ్గర ఆగుతుంటే ఆ ఫైల్ పేరు చూడండి. కోలన్, క్వశ్చన్ మార్క్, స్టార్ లాంటివి పేరులో ఉంటే విండోస్ ఒప్పుకోదు, తెలుగు పేర్లయితే ఇబ్బంది లేదు. లేకపోతే ఆ ఫొటో అసలు ఫోన్లో లేకపోవచ్చు, గూగుల్ ఫొటోస్‌లో ఫ్రీ అప్ స్పేస్ కొట్టినా, ఐఫోన్లో ఐక్లౌడ్‌కి పంపేసినా గ్యాలరీలో బొమ్మ కనిపిస్తుంది గానీ అసలు ఫైల్ క్లౌడ్‌లో ఉంటుంది, ముందు డౌన్‌లోడ్ చేసుకోవాలి. వేలల్లో ఫొటోలుంటే రెండొందల చొప్పున పంపండి, ఎక్కడ ఆగిందో వెతుక్కోవడం సులువు.

99 దగ్గర ఆగితే మాత్రం కంగారుపడి క్యాన్సిల్ కొట్టకండి. పెద్ద ఫైల్ దిగాక యాంటీవైరస్ దాన్ని మొత్తం చదువుతుంది, పాత హార్డ్‌డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అదే రెండు మూడు నిమిషాలు. ఫోల్డర్ తెరిచి సైజు చూడండి, ఫోన్లో ఉన్నంతా వచ్చేసి ఉంటే ఓసారి ప్లే చేసి చివరికి జరిపి చూసుకోండి. ఫోన్లో డిలీట్ చెయ్యడం ఆ తర్వాతే.

బాబాయ్ పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ చేసి వీడియో వేసిచ్చా. రాత్రి ఫోన్ చేశాడు, వాళ్ల పాత టీవీ ఇప్పుడు పెన్‌డ్రైవ్‌నే గుర్తుపట్టట్లేదంట. మళ్లీ ఫ్యాట్32 చేసి, వీడియోని రెండు ముక్కలు చేసి ఆదివారం పట్టుకెళ్లాలి.