ప్రాగ్ వెళ్తున్నారా, ఇది గుర్తుపెట్టుకోండి

చార్లెస్ బ్రిడ్జికి మాత్రం తెల్లారగానే వెళ్లిపోండి, పదింటికల్లా కాలు పెట్టడానికి చోటుండదు, అదే పొద్దున్నే ఐతే 1357లో మొదలుపెట్టిన ఆ రాతి వంతెన, రెండు పక్కలా 30 విగ్రహాలు, కింద వల్తావా నది అన్నీ తీరిగ్గా చూడొచ్చు, నాకైతే ట్రిప్ మొత్తంలో ఆ గంటే బాగా గుర్తుండిపోయింది. తర్వాత కోటకి మెట్లెక్కి ఆయాసపడొద్దు, ముఖ్యంగా అమ్మానాన్నల్ని తీసుకెళ్తే. 22 నంబర్ ట్రామ్‌లో పైకెళ్లి, అంతా చూసుకుని మెల్లగా కిందికి నడిచి రండి. పేపర్ టికెట్ ఐతే ఎక్కగానే మెషీన్‌లో స్టాంప్ వేయించుకోవడం మర్చిపోకండి. ఓల్డ్ టౌన్‌లో 1410 నాటి గడియారం ఉంది కదా, దాంట్లో అపొస్తలుల (యేసు శిష్యుల) బొమ్మలు పొద్దున 9 నుంచి రాత్రి 11 దాకా గంటగంటకీ కదులుతాయి, కాస్త ముందే వెళ్లి నిలబడండి, ఆ బొమ్మలాట నిమిషం కూడా ఉండదు.