పార్కులో చెక్క డెక్ వేయిస్తున్నారా? పేరు కాదు, చేవ చూడండి

పార్కులోనో చెరువు గట్టు మీదో చెక్క డెక్ (పలకలతో వేసే అరుగు) అనగానే మీటింగులో మొదట వినపడే మాట "టేకు వేసేద్దాం" అని. టేకు మంచిదే, దానికి ఆ పేరు ఊరికే రాలేదు. కానీ టేకు పేరుతో లారీలోంచి ఏం దిగుతోందో చూడాలి కదా. నేను పని చేసిన ఒక పార్కులో బిల్లు మీద టేకు అనే ఉంది, వచ్చింది మాత్రం లేత చెట్లు కోసిన సరుకు, చాలా పలకలకి ఒక అంచున రెండు వేళ్ల వెడల్పు తెల్ల పట్టీ. రెండో వానాకాలం అయ్యాక ఆ తెల్లదాంట్లో మేకు పెట్టి నొక్కితే జున్నులో దిగినట్టు దిగింది. అదే పలకలో పక్కనున్న గోధుమరంగు చేవ, అంటే మాను నడిమి గట్టి కర్ర, మాత్రం చెక్కుచెదరలేదు.

కుళ్ళు ఆపే మందు ఎక్కించకపోతే, ఏ జాతి కర్రకైనా బెరడు కిందుండే తెల్ల భాగం ఎండావానలకి నిలవదు. అందుకే ఆర్డర్‌లోనే "చేవ మాత్రమే" అని రాయించండి, సరుకు దిగేటప్పుడు దగ్గరుండి పలకల కొసలు చూడండి, తెల్ల అక్కడే బయటపడుతుంది. తేమ మీటర్ కూడా పెట్టండి, 20 శాతం దాటిన కర్రకి కుళ్ళు పట్టే వీలుంటుంది, పైగా ఆరాక కుంచించుకుపోయి సందులు పెద్దవవుతాయి.

టేకుకి బడ్జెట్ లేకపోతే నల్లమద్ది చూడొచ్చు, గట్టిది, బరువైనది, కాకపోతే బాగా ఆరబెట్టకుండా వేస్తే మన ఎండకి పగుళ్ళిస్తుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చే ఇపె కర్ర ఎంత బరువంటే నీళ్ళలో మునుగుతుంది, ముందు డ్రిల్ వేయందే స్క్రూ ఎక్కదు. పైన్ అయితే ప్రెషర్‌తో మందు లోపలికి ఎక్కించినదే తీసుకోండి (బ్రష్‌తో పైపైన పూసింది లెక్కలోకి రాదు), సైట్‌లో కోసిన ప్రతి కొసకీ మళ్ళీ మందు పూయించండి. మామిడి, రబ్బరు కర్ర జోలికి పోవద్దు. చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన డబ్ల్యూపీసీ కుళ్ళదు గానీ, మే నెల మధ్యాహ్నం దాని మీద పిల్లల్ని చెప్పుల్లేకుండా నడవనివ్వండి చూద్దాం.

ఇంటి బాల్కనీ లెక్క ఇక్కడ పనికిరాదు. జనం గుమిగూడి నిలబడే చోటికి ఐఎస్ 875 (కట్టడాల మీద పడే బరువులకి భారత ప్రమాణం) ప్రకారం చదరపు మీటరుకి సుమారు 500 కిలోల బరువు లెక్కేయాలి, కాబట్టి పలక మందం, కింద దూలాల దూరం ఇంజినీర్ చెప్పాలి, కాంట్రాక్టర్ కాదు. దూలాలు మట్టికి తగలకూడదు, తగిలితే చెదలకి మనమే దారి వేసినట్టు.

జారుడు సంగతి ఎవరూ పట్టించుకోరు. గాళ్ళున్న పలకలు పట్టు ఇస్తాయని అమ్ముతారు, తీరా చూస్తే ఆ గాళ్ళ నిండా దుమ్ము, దాని మీద వాన, ఆపైన నాచు. చెట్టు నీడలో ఉన్న డెక్ అయితే మరీ ఘోరం. నా మాట వింటే సాదా పలకలే నడకకి అడ్డంగా వేసి, మెట్ల దగ్గర గరుకు పట్టీలు పెట్టండి. సందు 5, 6 మిల్లీమీటర్లు చాలు, నీళ్ళు దిగిపోతాయి, చేతికర్ర కొస ఇరుక్కోదు.

విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి తగిలే చోట్ల 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్క్రూలే వాడండి, మామూలు ఇనుప మేకు తుప్పు పట్టడమే కాదు, చుట్టూ నల్ల మరక కూడా పెడుతుంది. కోరంగి మడ అడవుల్లోలా ఆటుపోట్ల నీళ్ళ మీద చెక్కబాట కట్టాలంటే స్తంభాలు కాంక్రీటువైతే మేలు. ఉప్పునీళ్ళలో కర్రని తొలిచే ఓడపురుగు నిజానికి పురుగు కాదు, ఆల్చిప్పల జాతిది, మంచి చేవని కూడా వదలదు.

ఇంకోటి, స్క్రూలు పైనుంచే కొట్టించండి. లోపల దాగే క్లిప్పులు అందంగానే ఉంటాయి గానీ, మధ్యలో ఒక్క పలక పాడైతే వరస మొత్తం విప్పాల్సి రావచ్చు. అదే లాట్‌లోంచి ఓ పది పలకలు ఎక్కువ కొని వాచ్‌మన్ గదిలో నీడపట్టున పెట్టించండి.