సూచీ పెరిగినా మన ఈటీఎఫ్ వెనకబడుతోందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

ఈటీఎఫ్ అంటే ఒక సూచీనో, బంగారం లాంటి సరుకు ధరనో అనుసరిస్తూ, ఎక్స్ఛేంజిలో షేరులా కొని అమ్మగలిగే ఫండ్. దాన్ని కొనే ముందు అందరూ చూసే అంకె ఎక్స్‌పెన్స్ రేషియో, అంటే ఫండ్ ఏటా మన సొమ్ములోంచి తీసుకునే ఖర్చు శాతం. కొన్నాక వచ్చే ఇబ్బందుల్లో మాత్రం చాలావాటికి దానితో సంబంధమే ఉండదు. ఒక నిఫ్టీ 50 ఈటీఎఫ్‌లో ఖర్చు 0.04 శాతం, ఇంకోదానిలో 0.10 శాతం అనుకోండి. లక్ష రూపాయల మీద ఏడాదికి తేడా 60 రూపాయలు. ఒక్క మార్కెట్ ఆర్డర్ (ధర చెప్పకుండా, దొరికిన ధరకు కొనమనే ఆర్డర్) తప్పుడు ధరకు పడితే దానికి పదింతలు ఒక్క నిమిషంలో పోతాయి. అందుకే ఇక్కడ ఖర్చును పక్కన పెట్టి, ఖాతాలో కనిపించే లక్షణం దగ్గర నుంచి మొదలుపెడుతున్నాం.

లక్షణం: కొన్న కాసేపటికే ఒక శాతం నష్టం కనిపిస్తోంది. సూచీ మాత్రం కదల్లేదు.

ఈటీఎఫ్ యూనిట్‌కు రెండు విలువలు ఉంటాయి. లోపల ఉన్న షేర్లను బట్టి లెక్కగట్టేది ఎన్‌ఏవీ. ఎక్స్ఛేంజిలో కొనేవాళ్లు, అమ్మేవాళ్లు కలిసి తేల్చేది మార్కెట్ ధర. ఈ రెండూ దూరం జరగకుండా చూడటం, కొనడానికీ అమ్మడానికీ ధరలు పెట్టే సంస్థలైన మార్కెట్ మేకర్ల పని. ప్రతి ఈటీఎఫ్‌కూ కనీసం ఇద్దరు మార్కెట్ మేకర్లు ఉండాలన్నది సెబీ నిబంధన. కానీ వాళ్లు ఎప్పుడూ కావలసినంత పరిమాణం పెట్టి కూర్చుంటారని నమ్మడానికి లేదు. అమ్మకాలు పలుచగా ఉన్న సమయంలో మార్కెట్ ఆర్డర్ వేస్తే, అది దొరికిన ధరకల్లా కొంటూ పైకి పోతుంది.

లెక్క చూడండి. అప్పటి అసలు విలువ 99.90 రూపాయలు. అమ్మకానికి 100.10 దగ్గర 200 యూనిట్లు, 100.40 దగ్గర 300, ఆ తర్వాత నేరుగా 101.50 దగ్గర మరో వెయ్యి ఉన్నాయి. 1,000 యూనిట్లకు మార్కెట్ ఆర్డర్ వేస్తే మొత్తం 1,00,890 రూపాయలు అవుతుంది. సగటు ధర 100.89. అంటే కొన్న క్షణంలోనే 990 రూపాయలు ఎక్కువ ఇచ్చారు.

చేయాల్సింది ఇదీ. ముందు ఆ ఫండ్ హౌస్ (ఈటీఎఫ్‌ను నడిపే సంస్థ) వెబ్‌సైట్‌లో ఐ-ఎన్‌ఏవీ తెరవండి. ట్రేడింగ్ జరుగుతున్నంతసేపూ మారుతూ ఉండే ఎన్‌ఏవీ అది. మన దేశపు ఈక్విటీ ఈటీఎఫ్‌లకు 15 సెకన్లకు మించిన ఆలస్యం ఉండకూడదు. తర్వాత బ్రోకర్ యాప్‌లో మార్కెట్ డెప్త్, అంటే ఏ ధరకు ఎన్ని యూనిట్లు కొనడానికి, అమ్మడానికి ఉన్నాయో చూపే పట్టిక చూడండి. అటూ ఇటూ పెద్ద పరిమాణాలు దగ్గర దగ్గర ధరల్లో కనిపిస్తే మార్కెట్ మేకర్ ఉన్నట్టే. ఆపైన లిమిట్ ఆర్డరే (ఇంతకు మించి ఇవ్వనని ధర చెప్పే ఆర్డర్) వేయండి. నిఫ్టీ 50 లాంటి వాటికి ఐ-ఎన్‌ఏవీ మీద 0.1 శాతం వరకు కలిపి ధర పెడితే చాలు. పై ఉదాహరణలో అది సుమారు 100 రూపాయలు. ఆర్డర్ పడకపోతే ధర పెంచుకుంటూ వెంటపడకండి, పది నిమిషాలు ఆగండి. ఉదయం 9:15 నుంచి 9:30 దాకా, సాయంత్రం ముగింపుకు ముందు పదిహేను నిమిషాలు కొనకపోవడం మంచిది.

ఇదే జబ్బు నెలనెలా వస్తుంటే బ్రోకర్ యాప్‌లో పెట్టుకున్న ఈటీఎఫ్ సిప్‌ను (నెలనెలా దానంతటదే కొనే ఏర్పాటును) అనుమానించండి. చాలాచోట్ల అది నిర్ణీత సమయానికి మార్కెట్ ఆర్డర్‌గానే వెళ్తుంది. బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోటులో ఆర్డర్ పడ్డ సమయం ఉంటుంది, చూసుకోండి. మార్కెట్ తెరిచిన మొదటి నిమిషాల్లో పడుతుంటే సిప్ ఆపి, నెలకొకసారి చేత్తో లిమిట్ ఆర్డర్ వేయడం మేలు. ఆ తీరిక లేనివాళ్లకు అదే సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్, డైరెక్ట్ ప్లాన్ (మధ్యవర్తి కమీషన్ లేనిది) సరిపోతుంది. ఖర్చు కాస్త ఎక్కువైనా ఎన్‌ఏవీకే యూనిట్లు వస్తాయి, డీమ్యాట్ అక్కర్లేదు. నెలకు రెండు మూడు వేలు పెట్టేవారికి మా సలహా ఇండెక్స్ ఫండే.

లక్షణం: అమెరికా సూచీ పెరిగింది, ఇక్కడి నాస్‌డాక్ ఈటీఎఫ్ పడింది. లేదా కారణం లేకుండా ఎగబాకింది.

దీర్ఘకాల మదుపరికి అన్నిటికన్నా పెద్ద దెబ్బ తగిలేది ఇక్కడే.

మ్యూచువల్ ఫండ్ పరిశ్రమ మొత్తం కలిపి విదేశీ షేర్లలో 700 కోట్ల డాలర్లు, విదేశీ ఈటీఎఫ్‌లలో మరో 100 కోట్ల డాలర్లు మాత్రమే పెట్టగలదు. మొదటి పరిమితి దగ్గర పడటంతో 2022 ఆరంభంలోనే విదేశీ షేర్లు కొనే పథకాలకు కొత్త సొమ్ము ఆగింది. రెండోది నిండబోతుండగా 2024 ఏప్రిల్ 1 నుంచి విదేశీ ఈటీఎఫ్‌లు కొనే పథకాలకూ కళ్లెం పడింది. ఫండ్ హౌస్ కొత్త యూనిట్లు సృష్టించలేనప్పుడు మార్కెట్ మేకర్ దగ్గర అమ్మడానికి సరుకు ఉండదు. కొనేవాళ్లు మాత్రం తగ్గరు. దాంతో ధర ఎన్‌ఏవీని వదిలేసి పైకి పోతుంది. ఆ అదనమే ప్రీమియం. మోతీలాల్ ఓస్వాల్ నాస్‌డాక్ 100, మిరే అసెట్ ఫ్యాంగ్ ప్లస్ లాంటి ఈటీఎఫ్‌లలో ఇది పది శాతం దాటిన రోజులున్నాయి.

ప్రీమియం లెక్క: మార్కెట్ ధరలోంచి ఐ-ఎన్‌ఏవీ తీసేసి, వచ్చినదాన్ని ఐ-ఎన్‌ఏవీతో భాగించి 100తో హెచ్చించాలి. ఐ-ఎన్‌ఏవీ 200, ధర 216 అయితే 8 శాతం. పరిమితులు సడలి ప్రీమియం కరిగిన రోజున, సూచీ ఒక్క పాయింటు పడకపోయినా మీ 216 కాస్తా 200 అవుతుంది. పదేళ్లు ఉంచుకుంటే ఏముందిలే అనుకోవద్దు. ఆ పదేళ్ల రాబడిలో ఏటా ముప్పావు శాతం వరకు ఈ ఒక్క పొరపాటే తినేస్తుంది.

ఒక సూక్ష్మం ఉంది. మన మార్కెట్ నడిచే వేళ అమెరికా ఎక్స్ఛేంజి మూసి ఉంటుంది. ఐ-ఎన్‌ఏవీ నిన్నటి ముగింపు ధరల మీద ఆధారపడి ఉంటే, అప్పటికే ఫ్యూచర్స్ (సూచీ రాబోయే ధర మీద జరిగే ఒప్పందాలు) ఒక శాతం పెరిగిన రోజున ఆ ఒక శాతం ప్రీమియంలా కనిపిస్తుంది. అది నిజమైన ప్రీమియం కాదు. అందుకే ఒక్కరోజు అంకెను నమ్మకుండా, పది రోజుల ముగింపు ధరలను ఆయా రోజుల ఎన్‌ఏవీలతో పోల్చండి.

ప్రీమియం రెండు శాతం దాటితే కొత్తగా కొనవద్దు. చేతిలో ఇప్పటికే యూనిట్లు ఉండి ప్రీమియం పది, పదిహేను శాతం పలుకుతుంటే, అమ్మి ఆ అదనాన్ని లాభంగా తీసుకోవడం గురించి ఆలోచించవచ్చు. పన్ను పోను ఎంత మిగులుతుందో ముందు లెక్కేసుకోండి.

వెండి ఈటీఎఫ్‌లలోనూ 2025 అక్టోబరులో ఇదే కనిపించింది. సరుకు కొరతతో ధరలు ఎన్‌ఏవీకి పైన పలికాయి. కొన్ని ఫండ్ హౌస్‌లు తమ వెండి ఫండ్ ఆఫ్ ఫండ్స్‌లో (వెండి ఈటీఎఫ్ యూనిట్లు కొనే మ్యూచువల్ ఫండ్లలో) ఒకేసారి పెట్టే పెట్టుబడులను కొన్నాళ్లు ఆపేశాయి. ఫండ్ హౌసే డబ్బు తీసుకోవడం మానేసిన రోజున ఎక్స్ఛేంజిలో కొనడానికి పరుగెత్తవద్దు.

లక్షణం: ఏడాదికి సూచీ కన్నా అర శాతం తక్కువ వస్తోంది.

ముందు మీరు పోల్చిన సూచీ ఏదో చూసుకోండి. టీవీలో కనిపించే నిఫ్టీలో డివిడెండ్లు కలవవు. డివిడెండ్లను తిరిగి మదుపు చేసినట్టు లెక్కగట్టే టోటల్ రిటర్న్ సూచీ వేరే ఉంది. రెండింటికీ మధ్య ఏటా ఒక శాతం పైచిలుకు తేడా ఉంటుంది. నిఫ్టీ ఈటీఎఫ్ డివిడెండ్లను ఎన్‌ఏవీలోనే కలిపేస్తుంది కాబట్టి టోటల్ రిటర్న్ సూచీతోనే పోల్చాలి. ‘మా ఈటీఎఫ్ నిఫ్టీని మించింది’ అని కొందరు సంబరపడేదీ, ‘డివిడెండ్ ఖాతాలోకి రాలేదేమిటి’ అని కొందరు కంగారుపడేదీ ఈ సంగతి తెలియకే.

సరైన సూచీతో పోల్చినా వెనకబడే ఉంటే ట్రాకింగ్ డిఫరెన్స్ చూడాలి. ట్రాకింగ్ ఎర్రర్ వేరు. ఎర్రర్ అనేది రోజువారీ తేడాల ఊగిసలాటను కొలుస్తుంది. ప్రతిరోజూ ఒకే మోతాదులో వెనకబడుతూ ఏడాదికి అర శాతం పోగొట్టే ఫండ్‌కు ట్రాకింగ్ ఎర్రర్ దాదాపు సున్నా ఉండవచ్చు. కాగితం మీద అది అద్భుతంగా కనిపిస్తుంది, మదుపరికి మాత్రం అర శాతం పోతూనే ఉంటుంది. డిఫరెన్స్ అంటే ఫండ్ రాబడికీ సూచీ రాబడికీ మధ్య నికరమైన తేడా. ఏడాది, మూడేళ్లు, ఐదేళ్లు, పదేళ్ల అంకెలను ఫండ్ హౌస్‌లు నెలనెలా వెల్లడించాలి.

ఖర్చు పోను ఇంకా తేడా మిగిలితే దానికి కారణాలు ఫండ్ లోపల ఉంటాయి: చేతిలో ఖాళీగా ఉంచుకున్న నగదు, సూచీలోకి షేర్లు వచ్చిపోయేటప్పుడు పడే లావాదేవీల ఖర్చు. నిఫ్టీ 50లో ఈ మార్పులు మామూలుగా ఏడాదికి రెండుసార్లు, మార్చి, సెప్టెంబరు నెలాఖర్లలో జరుగుతాయి. పెద్ద షేర్లు కాబట్టి ఖర్చు తక్కువ. ఆ తర్వాతి స్థాయి కంపెనీలుండే నెక్స్ట్ 50, మిడ్‌క్యాప్ 150 సూచీల్లో ఎక్కువ. అందువల్ల మిడ్‌క్యాప్ ఈటీఎఫ్‌ను నిఫ్టీ ఈటీఎఫ్‌తో పోల్చకూడదు. ఒకే సూచీ మీద ఉన్న మూడు నాలుగు ఈటీఎఫ్‌ల ఐదేళ్ల డిఫరెన్స్ పక్కపక్కన పెట్టండి. అతి తక్కువ ఉన్న రెండింటిలో రోజువారీ లావాదేవీలు ఎక్కువ జరిగేదాన్ని ఎంచుకోండి.

లక్షణం: రాత్రికి రాత్రి 90 శాతం నష్టం.

యూనిట్ల విభజన జరిగి ఉండవచ్చు. 2019 డిసెంబరులో నిఫ్టీ బీస్ (నిఫ్టీ 50 ఈటీఎఫ్) ఒక యూనిట్‌ను పదిగా, గోల్డ్ బీస్ (బంగారం ఈటీఎఫ్) ఒక యూనిట్‌ను వందగా విడగొట్టారు. ధర ఆ మేరకు తగ్గింది. కొత్త యూనిట్లు డీమ్యాట్‌లోకి వచ్చేదాకా యాప్‌లో నష్టం కనిపిస్తుంది. ఎక్స్ఛేంజి ప్రకటన చూసి ఊరుకోవాలి, కంగారులో అమ్మకూడదు.

లక్షణం: ఐదు ఈటీఎఫ్‌లున్నాయి, ఐదూ ఒకే రోజు ఒకేలా పడుతున్నాయి.

సెన్సెక్స్, నిఫ్టీ 50, నిఫ్టీ 100, బ్యాంక్ నిఫ్టీ పేరుకే నాలుగు. నిఫ్టీ 50లో దాదాపు మూడో వంతు ఆర్థిక రంగానిదే. దాని పక్కన బ్యాంక్ ఈటీఎఫ్ పెడితే హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్, ఐసీఐసీఐ బ్యాంక్ షేర్లను రెండోసారి కొన్నట్టే.

ఫండ్ హౌస్‌లు ఇచ్చే వివరాల పత్రాల్లో (ఫ్యాక్ట్‌షీట్‌లలో) మొదటి పది షేర్ల జాబితాలు పక్కపక్కన పెట్టి చూడండి. నిఫ్టీ 50, నెక్స్ట్ 50 కలిపితే మొదటి వంద కంపెనీలు, మిడ్‌క్యాప్ 150 చేరిస్తే ఆ తర్వాతి నూటయాభై. ఈ మూడింటిలో ఒకే షేరు రెండుసార్లు రాదు. బంగారం నడక వేరు కాబట్టి పది శాతం దానికి ఇవ్వవచ్చు. ఫలానా సంవత్సరంలో డబ్బు కావాలని తెలిసినవారికి భారత్ బాండ్ 2030 లాంటి, బాండ్లు కొని నిర్ణీత గడువున ముగిసే ఈటీఎఫ్‌లు ఉన్నాయి. ఈటీఎఫ్‌లు నాలుగు దాటితే పోర్ట్‌ఫోలియోకు కలిసొచ్చేది పెద్దగా ఉండదు. నిరుడు ఎక్కువ పెరిగిందని రంగాల వారీ ఈటీఎఫ్‌ను చేర్చడం మాకు అసలు నచ్చని పని. ఆ సూచీల్లో చాలావాటి పాత రాబడి, సూచీ పుట్టక ముందు కాలానికి వెనక్కి వెళ్లి లెక్కగట్టినది.

లక్షణం: అమ్ముదామంటే కొనేవాళ్లు లేరు.

రోజుకు కొన్ని వందల యూనిట్లే చేతులు మారే ఈటీఎఫ్ కొన్నప్పుడు ఇలా అవుతుంది. ఐ-ఎన్‌ఏవీకి 0.2 శాతం తక్కువకు లిమిట్ ఆర్డర్ పెట్టి, చిన్న చిన్న భాగాలుగా అమ్మాలి. ఫండ్ హౌస్‌కు నేరుగా అమ్మాలంటే మామూలుగా లావాదేవీ 25 కోట్ల రూపాయలు దాటాలి. కానీ చిన్న మదుపరికీ ఒక దారి ఉంది, చాలామందికి తెలియదు. ధర వరుసగా ఏడు ట్రేడింగ్ రోజులు ఎన్‌ఏవీ కన్నా ఒక శాతానికి మించి తక్కువలో ఉన్నా, వరుసగా మూడు రోజులు ఎక్స్ఛేంజిలో కొనే, అమ్మే ధరల కొటేషన్లే లేకపోయినా ఫండ్ హౌస్ దగ్గరే నేరుగా యూనిట్లు వెనక్కి ఇచ్చేయవచ్చు. ఎగ్జిట్ లోడ్ (వెనక్కి ఇచ్చేటప్పుడు కోసుకునే రుసుము) ఉండదు. ఆ రోజుల ధరలు, ఎన్‌ఏవీల స్క్రీన్‌షాట్లు జతచేసి ఫండ్ హౌస్‌కు ఈమెయిల్ పంపండి.

లక్షణం: లాభం వచ్చింది, చేతికి అనుకున్నంత రాలేదు.

ఈక్విటీ ఈటీఎఫ్‌ను 12 నెలలలోపు అమ్మితే లాభం మీద 20 శాతం పన్ను. ఆ తర్వాత అమ్మితే, ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షలు దాటిన లాభం మీద 12.5 శాతం. 2025 ఏప్రిల్ తర్వాత కొన్న బంగారం ఈటీఎఫ్‌కు 12 నెలలు దాటితే 12.5 శాతమే గానీ, 1.25 లక్షల మినహాయింపు వర్తించదు. దీనికితోడు అమ్మినప్పుడు డీపీ ఛార్జీ, అంటే డీమ్యాట్ ఖాతా నడిపే సంస్థ తీసుకునే రుసుము పడుతుంది. ఒక ఈటీఎఫ్‌కు అది ఎన్ని యూనిట్లు అమ్మినా ఆ రోజుకు ఒకటే, కాబట్టి పది రోజులు పది ముక్కలుగా అమ్మితే పదిసార్లు కట్టాలి.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి లెక్క పూర్తిగా వేరు. భారత ఈటీఎఫ్‌లు, మ్యూచువల్ ఫండ్లు అక్కడి పన్ను చట్టం దృష్టిలో పీఫిక్ (పెట్టుబడుల మీద ఆదాయం వచ్చే విదేశీ సంస్థ) కిందికి వస్తాయి. ఫారం 8621 దాఖలు చేయాల్సి రావచ్చు, పన్ను భారమూ ఎక్కువ. హెచ్1బీ మీద వెళ్లి అక్కడ పన్ను నివాసి అయ్యేవాళ్లు, హైదరాబాదులో ఉండగానే డీమ్యాట్‌లోని ఈటీఎఫ్‌లను ఏం చేయాలో ఆ చట్టం తెలిసిన సీపీఏతో (అమెరికా అకౌంటెంట్‌తో) మాట్లాడి తేల్చుకోవాలి. అమ్మేదైతే అక్కడ నివాసి కాకముందే అమ్మాలి.