కంప్యూటర్ లేటుగా ఆన్ అవుతోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

గుంటూరులో సిస్టమ్ స్లో అయిందని ఎవరికి చెప్పినా ముందు వినిపించే సలహా ఒకటే: "ఫార్మాట్ కొట్టించెయ్." అసలు జబ్బు డిస్కులో ఉంటే ఫార్మాట్ తర్వాత నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదటికే వస్తుంది. ఈలోగా మిర్చి కమిషన్ షాపు టాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) లెక్కలు, డీటీపీ సెంటర్లో ఏళ్ల తరబడి దాచిన పెళ్లికార్డుల ఫైళ్లు, పిల్లల ఫొటోలు లాంటివి పోతాయి. అలా పోగొట్టుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది. అందుకే ముందు పవర్ బటన్ నొక్కి, ఆలస్యం ఏ దశలో అవుతోందో గమనించండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

విండోస్ గుర్తు రాకముందే ఆగిపోతుంటే

తప్పు విండోస్‌ది కాదు కాబట్టి ఫార్మాట్ కొట్టినా లాభం లేదు. పెన్‌డ్రైవ్‌లు, బయటి హార్డ్‌డిస్కులు, కార్డ్ రీడర్ అన్నీ తీసేసి ఆన్ చేయండి. త్వరగా వస్తే, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగులు) బూట్ ఆర్డర్‌కి, అంటే ఏ డిస్కును ముందు చూడాలనే వరుసకి వెళ్లి విండోస్ ఉన్న డిస్కును మొదట పెట్టండి. ఆన్ చేసినప్పుడల్లా తేదీ పాత సంవత్సరానికి వెళ్లిపోతుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. డెస్క్‌టాప్‌లో ఎక్కువగా వాడేది సీఆర్ 2032 రకం, 3 వోల్టులది. ప్లగ్ పీకేశాకే మార్చండి. ఇవేవీ కాకపోతే డిస్కునే అనుమానించాలి.

గుర్తు కింద చుక్కలు తిరుగుతూనే ఉంటే, లేదా డెస్క్‌టాప్ వచ్చాక ఏదీ తెరుచుకోకపోతే

ఎక్కువ మంది ఇబ్బంది ఇదే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ చూడండి. ఆన్ అయిన చాలాసేపటి వరకు 100 శాతం దగ్గరే ఉంటే ఆలస్యానికి కారణం అదే. కొత్త విండోస్‌లో అది హెచ్‌డీడీయో (పాత రకం హార్డ్‌డిస్కు) ఎస్‌ఎస్‌డీయో (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్కు) కూడా అక్కడే చూపిస్తుంది.

హెచ్‌డీడీ అయితే ముందు దాని ఆరోగ్యం తెలుసుకోవాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 'గుడ్', 'కాషన్', 'బ్యాడ్' అని చెప్పేస్తుంది. కాషన్ గానీ బ్యాడ్ గానీ వస్తే మిగతా రిపేర్లన్నీ ఆపి, ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేయండి. డిస్కులో తప్పులు వెతికే చెక్‌డిస్క్ కూడా అప్పుడే నడపకండి. చావుబతుకుల్లో ఉన్న డిస్కును మూలమూలా చదివిస్తే ఉన్న కాస్త ప్రాణమూ పోవచ్చు.

గుడ్ అని వచ్చినా హార్డ్‌డిస్కు మీద విండోస్ 10, 11 నడపడం కష్టమే. ఆన్ అయ్యేటప్పుడు విండోస్ వేల కొద్దీ చిన్న ఫైళ్లు చదవాలి. హార్డ్‌డిస్కులో ప్రతిదానికీ లోపల చదివే హెడ్ అటూ ఇటూ కదలాలి, ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. నన్నడిగితే పాత కంప్యూటర్‌కు పెట్టే ఖర్చుల్లో ఇంత ఫలితమిచ్చేది మరొకటి లేదు. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ చాలా పాత ల్యాప్‌టాప్‌లలో హార్డ్‌డిస్కు ఉన్న చోటే సరిపోతుంది. డిస్కు బాగుంటే క్లోన్ చేయమని అడగండి. విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఫైళ్లు ఉన్నవున్నట్టే వస్తాయి.

ర్యామ్ 4 జీబీయే ఉంటే, బోర్డులో వీలుంటే 8కి పెంచండి.

తర్వాత టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్ తెరవండి. ఇంపాక్ట్ 'హై' అని ఉన్నవాటిలో టోరెంట్, గేమ్ లాంచర్, మీటింగ్ యాప్‌ల వంటివి డిసేబుల్ చేస్తే సాఫ్ట్‌వేర్ పోదు, దానంతటది ఆన్ కావడం మాత్రమే ఆగుతుంది. యాంటీవైరస్‌ను, డీటీపీ వాళ్లయితే తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్‌ను ముట్టుకోవద్దు. యాంటీవైరస్‌లు రెండుంటే ఒకటి తీసేయండి.

రీస్టార్ట్ చేస్తే త్వరగా వచ్చి, షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే లేటైతే

ఇక్కడ అనుమానించాల్సింది ఫాస్ట్ స్టార్టప్‌ని. షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తనలో కొంత భాగాన్ని డిస్కులో దాచి, ఆన్ చేయగానే తిరిగి తెచ్చుకుంటుంది. ఏదైనా భాగాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ సరిగా లేకపోతే అక్కడే తట్టుకుంటుంది. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ'కి వెళ్లి దాని టిక్ తీసేయండి. తేడా లేకపోతే మళ్లీ పెట్టేయండి.

పొద్దున బాగుండి, మధ్యాహ్నం మొరాయిస్తే

వేడి. మే నెల ఎండకు తోడు ఫ్యాన్‌లో దుమ్ముంటే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మిర్చి యార్డు చుట్టుపక్కల షాపుల్లో కేబినెట్‌లోకి కారం దుమ్ము కూడా చేరుతుంది, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆరుబయట దులపండి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి.

కరెంటు పోయినప్పుడల్లా డెస్క్‌టాప్ ఠక్కున ఆగిపోతుంటే, ఆన్ చేసినప్పుడు డిస్క్ చెకింగ్ మొదలై ఆలస్యం కావచ్చు. యూపీఎస్ బ్యాటరీ పనిచేస్తోందో లేదో చూసుకోండి.

ఇవన్నీ చూశాకా తగ్గకపోతే

అప్పుడు ఫార్మాట్ సరైన మందే. "సి డ్రైవ్ ఒక్కటే పోతుంది, మీవి డి డ్రైవ్‌లో ఉంటాయిగా" అంటే నమ్మి ఊరుకోవద్దు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మామూలుగా ఉండేది సి డ్రైవ్‌లోనే. వాటితోపాటు టాలీ డేటా ఫోల్డర్‌ను, తెలుగు ఫాంట్లను బయటి డిస్కులోకి కాపీ చేసి, వేరే కంప్యూటర్లో తెరిచి చూసుకోండి. టాలీ లైసెన్స్‌ను సరెండర్ చేశాకే, అంటే ఆ కంప్యూటర్ నుంచి విడిపించాకే సిస్టమ్‌ను షాపులో ఇవ్వండి.